స్వస్థత పొందిన మనిషి మందుల జాబితా

మా ఆయనకు షుగర్ పోయిందన్న సంగతి డాక్టరు కంటే ముందు ప్లేనోలోని మా తెలుగు సంఘానికి తెలిసింది. మూడేళ్ల క్రితం ఒక ఆదివారం ఆయన మైకు పట్టుకుని ఇరవై రెండు నిమిషాలు సాక్ష్యం చెప్పారు. ప్రార్థన చేయించుకున్న మూడు వారాలకు రక్తపరీక్షలో అంకె కిందికి వచ్చిందని, ప్రభువు స్వస్థపరిచాడని చెప్పి ఏడ్చారు. వినేవాళ్లూ ఏడ్చారు. ఆ మూడు వారాలూ ఆయన మాత్ర మానలేదని, నేను తెల్లన్నం వండలేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇరవై రెండు నిమిషాల్లో అన్నీ ఎక్కడ పడతాయి?

నెల తిరక్కుండా అంకె మళ్లీ పైకి పోయింది. సాక్ష్యం మాత్రం కిందికి దిగలేదు. అప్పటికే పాస్టరు గారు దాన్ని రెండు ప్రసంగాల్లో వాడేశారు. ఇర్వింగ్‌లో ఒక సంఘం వాళ్లు ప్రత్యేకంగా పిలిపించుకుని చెప్పించుకున్నారు. యూట్యూబ్‌లో కూడా ఉంది. ఇచ్చిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి మా సంఘంలో లేదు. కొన్న చీరనైతే నెలలోపు తిరిగి ఇవ్వొచ్చు. కాబట్టి మా ఇంట్లో షుగర్ మాత్రలు విటమిన్ సీసాలోకి మారాయి. పాత సీసాల లేబుళ్లు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఊడదీసింది నేనే. చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పెట్టే పోటీలో ప్రతి క్రిస్మస్‌కీ స్టీలు గిన్నె గెలుచుకున్న పిల్లని. అబద్ధసాక్ష్యం గురించి ఏం రాసి ఉందో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అయినా లేబుళ్లు శుభ్రంగా ఊడదీశాను.

ఈ ఏడాది మే నెలాఖరు లాంగ్ వీకెండ్‌కి మా సంఘం కొండమీద ఉపవాస ప్రార్థన పెట్టుకుంది. ప్లేనోలో కొండలు లేవు. ఉన్నది ఒకటే ఎత్తు, ఫ్లైఓవరు. అందుకని మూడు వ్యాన్లలో ముప్పై ఒక్క మందిమి తొమ్మిది గంటలు డ్రైవ్ చేసి పడమటి టెక్సాస్‌లోని ఒక నేషనల్ పార్కు దగ్గర హోటల్లో దిగాం. మర్నాడు పొద్దున కొండెక్కి, మధ్యాహ్నం మూడు దాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ప్రార్థించాలని పాస్టరు గారి తీర్మానం. శోధన రాకూడదని తిండి, జ్యూసులు, నా ఖర్జూరాల డబ్బా అన్నీ వ్యాన్లలో పెట్టి తాళం వేయించారు. శోధనకు తాళం వేయడంలో మావాళ్లు చాలా జాగ్రత్తపరులు.

మర్నాడు పొద్దున ఆరింటికి హోటల్లో మా ఆయన విటమిన్ సీసా తీయడం చూశాను.

"ఏవండీ, తినకుండా ఆ మాత్ర వేసుకోకూడదు. డాక్టరు చెప్పింది కదా."

"ఉపవాసంలో ఆయనే చూసుకుంటాడు."

"ఆయన చూసుకుంటే మాత్రెందుకు మరి?"

"నీకన్నీ వెటకారాలే," అని మాత్ర మింగేశారు. నీళ్లు ఎక్కువ తాగితే ఉపవాసం చెడుతుందని ఒక్క గుక్కతో సరిపెట్టారు.

కొండదారి మొదలయ్యే చోట ఎనిమిదింటికల్లా పాటలు ఎత్తుకున్నాం. బ్యాటరీతో నడిచే స్పీకర్, కీబోర్డు, డోలక్ అన్నీ ఉన్నాయి. అవతల గుడారాల్లో పడుకున్న అమెరికన్లు ఒక్కొక్కరే తలలు బయటపెట్టి చూశారు. వాళ్లకు సువార్త అందుతోందని మావాళ్లు వాల్యూమ్ ఇంకాస్త పెంచారు. పది నిమిషాల్లో ఒక జీపు వచ్చి ఆగింది. అందులోంచి రేంజర్ దిగింది. నలభై ఏళ్లుంటాయేమో, ఎండకు కమిలిన ముఖం, గుండ్రటి అంచు టోపీ, ఛాతీ మీద బ్యాడ్జి, నడుమున తుపాకీ.

"ఫారెస్ట్ గార్డు కదా, గన్ ఎందుకు?" అని ఒక బ్రదర్ గొణిగాడు.

"ఏనుగుల కోసమేమో."

"టెక్సాస్‌లో ఏనుగులేంటి బ్రదర్!"

ఆమె పోలీసే. పార్కులో చట్టం చూసేదీ, మనుషులు పడిపోతే మోసుకొచ్చేదీ వాళ్లేనని తర్వాత తెలిసింది. ఇంత పెద్ద గుంపుకు ముందుగా పర్మిట్ తీసుకోవాలని, స్పీకర్ పెట్టకూడదని ఆమె చెప్పింది. "గొంతుతో ఎంతసేపైనా పాడుకోండి. స్పీకర్ వ్యాన్‌లో పెట్టండి. గుంపుని రెండుగా విడగొట్టండి." అంతే. గొంతు పెంచలేదు. కాగితం మీద ఒక వార్నింగ్ రాసి పాస్టరు గారి చేతిలో పెట్టింది.

పాస్టరు గారి ముఖం వెలిగిపోయింది. పదహారేళ్లుగా అమెరికాలో మమ్మల్ని ఎవరూ హింసించలేదు. సుఖంగా, ఏసీలో, ఉచిత పార్కింగుతో ఆరాధన చేసుకుంటూ ఆదిమ సంఘాన్ని తలుచుకున్నప్పుడల్లా మాకు కాస్త వెలితిగానే ఉండేది. ఆ వెలితి ఇవాళ తీరింది.

"చూశారా ప్రియులారా! శ్రమలు ప్రారంభమయ్యాయి," అన్నారాయన, వార్నింగ్ కాగితాన్ని బైబిల్లో భద్రంగా పెట్టుకుంటూ.

"అయ్యగారూ, అది హెచ్-వన్ వీసా స్టాంపింగ్‌లో కనిపిస్తుందా?" అని కీబోర్డు వాయించే తమ్ముడు అడిగాడు. అతను భయపడే శ్రమలు వేరే ఉన్నాయి.

"వార్నింగే కదా నాయనా, ఫైన్ టికెట్ కాదు."

"అయినా అటార్నీకి మెయిల్ పెడతానండి."

రేంజర్ ఇదంతా చూస్తూ మా చేతుల వైపు చూసింది. బైబిళ్లున్నాయి, డోలక్ ఉంది, నీళ్ల సీసాలు లేవు. "నీళ్లేవి?" అంది.

ఉపవాసమని పాస్టరు గారు గర్వంగా చెప్పారు.

"మీ దేవుడితో నాకు పేచీ లేదు," అందామె. "పేచీ ఎండతోనే. ఇక్కడ మధ్యాహ్నానికి నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. మనిషికి మూడు లీటర్లు పట్టుకెళ్లండి. లేదా కొండెక్కకండి."

ఆమె జీపు మలుపు తిరిగేదాకా అందరం సీసాలు వెతుకుతున్నట్టు నటించి, తిరగ్గానే కొండెక్కాం. రెండుగా విడిపోయాం కూడా, చట్టం మీద గౌరవంతో. రెండు గుంపుల మధ్య పది అడుగుల దూరం ఉంచాం.

రెండు మైళ్లు ఎక్కాక ఒక పెద్ద రాతి నీడలో కూర్చున్నాం. పాటలు నడిపించేది మా ఆయనే. సంఘ పెద్ద కదా. పదకొండు దాకా బాగానే పాడారు. ఆ తర్వాత ఒకే చరణాన్ని నాలుగుసార్లు ఎత్తుకున్నారు. ఆత్మ నడిపిస్తున్నాడని అందరూ నాలుగుసార్లూ పాడారు. పన్నెండు దాటాక చొక్కా అంతా తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. ఉన్నట్టుండి పక్కనున్న బ్రదర్‌ని చిరాగ్గా కసిరారు. తర్వాత కళ్లు మూసుకుని ఏదో మాట్లాడడం మొదలుపెట్టారు. అవి తెలుగు మాటలు కావు, ఇంగ్లీషు కావు.

"అన్న మీదికి అభిషేకం దిగింది!" అని ఒక సిస్టర్ అరిచింది.

"స్తోత్రం! స్తోత్రం!"

పాస్టరు గారు లేచి ఆయన తలమీద చెయ్యి పెట్టారు. మిగిలినవాళ్లు చుట్టూ మోకరించారు. ఒక తమ్ముడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

భాషల వరం ఉందని నేను నమ్ముతాను. మా అమ్మమ్మ ప్రార్థనలో విన్నాను కూడా, ఆ వణుకు నాకింకా గుర్తుంది. కానీ ఈ భాష నాకు తెలుసు. రెండేళ్ల క్రితం మా వంటింట్లో, భోజనం ఆలస్యమైన ఒక సాయంత్రం, ఇదే భాషలో ఆయన ఫ్రిజ్‌తో మాట్లాడారు. పంచదార నీళ్లు తాగించగానే ఆ వరం పోయింది.

నేను చేయాల్సింది ఒకటే. "షుగర్ పడిపోయింది, తీపి తెండి" అనాలి. అంటే సాక్ష్యం కూలిపోతుంది. మా ఆయన పెద్దరికం పోతుంది. లేబుళ్లు ఊడదీసిన చేతులు బయటపడతాయి. పైగా తీపి ఉన్నది రెండు మైళ్ల కింద, తాళం వేసిన వ్యాన్‌లో. నేను అక్కడ కూర్చుని ఇదంతా లెక్కకట్టుకున్నాను. ఐదు నిమిషాలైనా పట్టి ఉంటుంది. ఆ ఐదు నిమిషాలూ మా ఆయన చుట్టూ ముప్పై మంది చేతులెత్తి స్తుతిస్తూనే ఉన్నారు. మధ్యలో నేను కూడా రెండుసార్లు స్తోత్రం అన్నాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆయన పక్కకు ఒరిగిపోయారు. తల రాయికి తగలకుండా డోలక్ తమ్ముడు పట్టుకున్నాడు.

"ఆత్మలో పడిపోయారు, ఎవరూ ముట్టుకోవద్దు," అన్నారు పాస్టరు గారు.

"ఆత్మలో కాదండీ, ఫోన్ ఇవ్వండి," అన్నాను. సిగ్నల్ పాస్టరు గారి ఫోన్‌కే ఉంది.

"ప్లేనోలో ప్రేయర్ లైన్‌కి ఆల్రెడీ ఫోన్ కలిపానమ్మా. అక్కడ నలభై మంది జాయిన్ అయ్యారు."

"నలభై మందినీ కట్ చేయండయ్యగారూ! నైన్ వన్ వన్‌కి కొట్టాలి!"

"అక్కా, నైన్ వన్ వన్ అంటే రిపోర్ట్ అవుతుంది. పొద్దున్నే వార్నింగ్ ఉంది మనకి," అన్నాడు స్టాంపింగ్ తమ్ముడు.

"అవనీ నాయనా. నీ వీసా బతికే ఉంటుంది."

ఫోన్ లాక్కున్నాను. అవతలి నుంచి ప్లేనోలోని ఒక ఆంటీ గొంతు "ప్రభువా, ఆ కొండమీద..." అంటుండగా కట్ చేసి ఎమర్జెన్సీ నంబరు కొట్టాను. ఎత్తినావిడ అన్నీ అడిగింది. ఎక్కడ, ఎందరు, ఊపిరి ఉందా, మనిషికి ఏమైనా జబ్బులున్నాయా.

పాస్టరు గారు నా ముఖంలోకే చూస్తున్నారు. "జబ్బులేమీ లేవండి," అన్నాను. "ఎండ దెబ్బ."

చిన్నప్పటి నుంచి గెలుచుకున్న స్టీలు గిన్నెలన్నీ ఆ ఒక్క మాటతో తిరిగి ఇచ్చేసినట్టయింది.

అరగంట పట్టింది. పొద్దున వచ్చిన రేంజరే వచ్చింది. వీపున పెద్ద సంచీ, వెనకాల ఇద్దరు కుర్రవాళ్లు స్ట్రెచర్ పట్టుకుని. మమ్మల్ని చూడగానే ఆమె అనదగిన మాటలు చాలా ఉన్నాయి. మా అత్తగారైతే అన్నీ అనేసేది. ఆమె ఒక్కటీ అనలేదు. మోకాళ్ల మీద కూర్చుని మా ఆయన పేరు అడిగింది, చెవి దగ్గర పిలిచింది, వేలు గుచ్చింది. చిన్న మీటర్‌లో అంకె చూసి పెదవి బిగించింది. ముప్పై ఎనిమిది. మింగగలుగుతున్నాడని చూసుకుని ట్యూబ్‌లోంచి తియ్యటి జిగురు బుగ్గలోకి కొంచెం కొంచెంగా నొక్కింది.

పది నిమిషాలకు మా ఆయన కళ్లు తెరిచి, "ఎన్నో పాట?" అన్నారు.

కొండ దద్దరిల్లేలా స్తోత్రాలు. పాస్టరు గారు ఏడ్చేశారు, ఆ ఏడుపు నిజమైనదే. ఇద్దరు బ్రదర్లు మా ఆయన్ని లేపి నిలబెట్టబోయారు. రేంజర్ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయనకు డయాబెటిస్ ఉందా?"

నేను నోరు తెరిచేలోపే పాస్టరు గారు అందుకున్నారు. "నో, నో ఆఫీసర్. ఉండేది. మూడేళ్ల క్రితం దేవుడు పూర్తిగా హీల్ చేశాడు. చర్చి అంతా సాక్షి."

ఆమె ఆయనకేసి మర్యాదగా చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మేడమ్, చర్చిని అడగడం లేదు. మిమ్మల్ని అడుగుతున్నాను. ఈయన మాత్ర ఏమీ వేసుకోకపోతే కాస్త తిని, విశ్రాంతి తీసుకుని, నెమ్మదిగా దిగొచ్చు. ఆస్పత్రి వద్దని సంతకం పెట్టి మీతో హోటల్‌కి వెళ్లిపోవచ్చు. షుగర్ మాత్ర వేసుకుని ఉంటే నేను ఇచ్చింది గంటకూడా నిలవదు. ఆ మాత్ర రోజంతా కిందికి లాగుతూనే ఉంటుంది. దారిలో పడొచ్చు, నిద్రలో పడొచ్చు. నిద్రలో పడితే ఎవరికీ తెలియదు. ఏది నిజమో ఇప్పుడు చెప్పండి."

ఆమె అంత వివరంగా చెప్పకుండా ఉంటే బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది. ఏమీ తెలియకపోతే ఇంకోసారి "లేదండి" అనడం తేలిక. మా ఆయన నా వైపు చూస్తున్నారు. మగతగా ఉన్నా ఆ చూపు నాకు అర్థమైంది, చెప్పొద్దంటున్నారు. అయిదు నిమిషాల క్రితం ఎన్నో పాటో తెలియని మనిషికి పరువు మాత్రం గుర్తుంది.

"వేసుకున్నారు," అన్నాను. "పొద్దున ఆరింటికి. పరగడుపున. మూడేళ్లుగా రోజూ వేసుకుంటున్నారు."

మాత్ర పేరు చెప్పాను, ఎన్ని మిల్లీగ్రాములో చెప్పాను. అడగకపోయినా బీపీ మాత్ర గురించి, కొలెస్ట్రాల్ మాత్ర గురించి కూడా చెప్పేశాను. ఒకసారి మొదలుపెట్టాక ఆపడం నా వల్ల కాలేదు. ఆమె చేతి గ్లవ్ మీద పెన్నుతో రాసుకుంది. స్తోత్రాలు ఆగిపోయాయి. ఎవరో ఇంకా వీడియో తీస్తున్నట్టున్నారు, "ఆఫ్ చెయ్ రా" అన్న మాట వినిపించింది.

"థాంక్యూ," అంది రేంజర్, నేనేదో ట్రాఫిక్‌లో దారి ఇచ్చినట్టు. వెంటనే రేడియోలో అంబులెన్సుకి చెప్పింది. తర్వాత లేచి నిలబడి మా అందరివైపు తిరిగి, తన సంచీలోని నీళ్లు, బిస్కెట్లు బయటకు తీసింది. "ఇప్పుడు అందరూ తాగుతారు, తింటారు. ఇంకొకరిని మోసే ఓపిక నాకు లేదు. ఇది సలహా కాదు."

మూడు దాకా సాగాల్సిన ఉపవాసం ఒంటిగంటా ఇరవైకి ఫెడరల్ ఆజ్ఞతో ముగిసింది. అందరికంటే ముందు సీసా అందుకున్నది పాస్టరు గారు. సగం సీసా ఆగకుండా తాగారు.

స్ట్రెచర్‌ని మావాళ్లే వంతులవారీగా మోశారు. ఆమె చెప్పిన చోట ఆగారు, చెప్పిన చోట చేతులు మార్చుకున్నారు. సంఘం కమిటీ మీటింగులో కుర్చీలు ఎవరు సర్దాలో తేల్చుకోలేని మనుషులు ఆ కొండ దిగినంతసేపూ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. సగం దారిలో మా ఆయన మళ్లీ మగతలోకి జారారు. ఆమె మళ్లీ వేలు గుచ్చింది, అంకె మళ్లీ పడిపోయింది. మళ్లీ ట్యూబ్ తీసింది. అప్పుడు పాస్టరు గారు నా వైపు చూశారు.

ఆస్పత్రిలో ఒక రాత్రి ఉంచుకున్నారు. సెలైన్ ఎక్కుతుండగా మా ఆయన గోడవైపు తిరిగి అడిగారు. "అందరి ముందూ చెప్పావా?"

"చెప్పాను."

"అయ్యగారి ముందే?"

"ముందు కాదు, పక్కనే నిలబడి చెప్పాను. ఆయన నా మోచేతికి తగులుతూ ఉన్నారు."

దుప్పటి గడ్డం దాకా లాక్కున్నారు. తర్వాత, "ఇంకెలా తలెత్తుకోవాలి?" అన్నారు.

"ముందు తల ఉంది కదా. ఎత్తడం సంగతి మెల్లగా చూద్దాం."

ప్లేనో వచ్చాక పాస్టరు గారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. కాఫీలయ్యాక మెల్లగా ఒక మార్గం చూపించారు. పాత షుగర్ నిజంగానే పోయిందనీ, ఇది కొత్తగా వచ్చిన వేరే షుగర్ అనీ చెప్పొచ్చట. అప్పుడు మొదటి సాక్ష్యం నిలబడుతుంది, కొండమీద ప్రాణం దక్కడం రెండో సాక్ష్యం అవుతుంది. రేంజర్ రూపంలో దూత వచ్చిందని తాను ప్రసంగం కూడా రాసుకున్నారట. ఆ దూతే పొద్దున మనల్ని హింసించిందని నేను గుర్తుచేస్తే కాఫీ చాలా బాగుందన్నారు.

నా మట్టుకు నేను, ఆ కొండమీద అరగంట సేపు లోలోపల చేసుకున్న నా ప్రార్థన దేవుడు విన్నాడనే నమ్ముతున్నాను. అందులో నాకు వెటకారం లేదు. అయితే దేవుణ్ణి నిలబెట్టడానికి మా ఇంటి అబద్ధం ఆయనకు అక్కర్లేదని కూడా నమ్ముతున్నాను. ఈ రెండో నమ్మకం రావడానికి నాకు మూడేళ్లూ, ఒక కొండా పట్టాయి.

ఆదివారం మా ఆయన్ని సాక్ష్యానికి పిలిచారు. ఏ షుగర్ అని చెప్తారో దారి పొడవునా నాతో అనలేదు. మైకు తీసుకున్నారు.

"మూడేళ్ల క్రితం ఇక్కడ నిలబడి షుగర్ పోయిందని చెప్పాను. నెలకే తిరిగొచ్చింది. మీకు చెప్పలేదు. మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. దాచిపెట్టమని మా ఆవిడకు చెప్పింది కూడా నేనే. దేవుని ఎదుటా మీ ఎదుటా క్షమించమని అడుగుతున్నాను."

అంతే. రెండు నిమిషాలు కూడా కాలేదు. వెనక వరుసలో ఎవరో అలవాటు కొద్దీ "స్తోత్రం" అని, ఎందుకన్నారో తెలియక ఊరుకున్నారు. పాస్టరు గారు లేచి, కొత్త షుగర్ ఊసెత్తకుండా, తల వంచి చిన్న ప్రార్థన చేశారు. దూత ప్రసంగం ఆ రోజు జరగలేదు.

భోజనాల దగ్గర మమ్మల్ని ఎవరూ పలకరించలేదు. బిర్యానీ ప్లేట్లతో ఒక మూల కూర్చున్నాం. పెద్దరికం పోయిందనే అనుకున్నాం. కారు దగ్గరికి వెళ్తుంటే డోలక్ తమ్ముడి భార్య వెనకాలే వచ్చి, "అక్కా, మా ఆయనకి కూడా ఉంది. మీది ఏ డాక్టర్?" అంది. ఆమెకు చెబుతుండగా ఒక బ్రదర్ మా ఆయన్ని పక్కకు తీసుకెళ్లి పరగడుపున వేసుకునే మాత్ర గురించి అడుగుతున్నారు. పోయిన ఈస్టర్‌కి ఆయన కూడా స్వస్థత సాక్ష్యం చెప్పారు, నాకు బాగా గుర్తుంది. ఆయన వెనకాల ఇంకొకరు, ఏదో కారు కోసం వెతుకుతున్నట్టు నిలబడ్డారు.

చివర్న పాస్టరు గారి భార్య వచ్చింది. మేమందరం అమ్మగారంటాం. మా కారు కిటికీ మీద వేలితో కొట్టి, అద్దం దించగానే చుట్టూ ఒకసారి చూసి వంగింది.

"అయ్యగారిది పరగడుపున రెండొందల ఎనభై ఉంది సిస్టర్. మాత్ర ముట్టుకోరు, నా మాట వినరు. ఇవాళ మీ ఆయన మాట్లాడాక నన్ను వెనక గదిలోకి పిలిచి, డాక్టర్ నంబర్ కనుక్కోమన్నారు." ఆగి, గొంతు ఇంకా తగ్గించింది. "వాట్సాప్ గ్రూప్‌లో పెట్టొద్దమ్మా. నాకు విడిగా పంపు."